అమ్మవారి ముఖం కడిగారు

2024 డిసెంబరులో పారిస్ నోత్ర్ దామ్ చర్చి మళ్ళీ తెరిచినప్పుడు మా రిటైర్డ్ ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపులో ఫొటోలు వరసగా వచ్చాయి. మంటల్లో కాలిన పైకప్పు మళ్ళీ కట్టి, లోపల రాయంతా శుభ్రం చేశారు. నిన్న కట్టినంత తెల్లగా ఉంది. కింద మావాళ్ళ కామెంట్లు. "ఏసీ ఫంక్షన్ హాల్లా ఉంది." "పాతదనం పోయింది." "ఇలాంటివి మన దగ్గరే అనుకున్నా, అక్కడా ఇంతేనా?" నేను ఏదో టైపు చేశాను, చెరిపాను, మళ్ళీ టైపు చేశాను. ఆఖరికి ఒక నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

ఈ విషయంలో నాకో అభిప్రాయం ఉంది. అది పారిస్ చూసి కలిగింది కాదు. అక్కడికి రైల్లో గంట దూరంలో ఉన్న షార్త్ర్ అనే పాత ఊళ్ళో, ఒకే చర్చిని పన్నెండేళ్ళ తేడాతో రెండుసార్లు చూసి, రెండోసారి ఇంట్లోవాళ్ళతో వాదించి, ఓడిపోయి తెచ్చుకున్నది.

చీకటి చూసిన రోజు

మొదటిసారి వెళ్ళింది 2006 అక్టోబరులో. ఆఫీసు పని మీద పారిస్‌లో పది రోజులున్నాను. ఆదివారం హోటల్లో కూర్చుంటే ఇంటి మీద బెంగ పుడుతోందని మోంపర్నాస్ స్టేషన్‌లో రైలెక్కాను. ఊరు ఇంకా రాకముందే, కోతలైపోయిన గోధుమ చేల అంచున రెండు శిఖరాలు కనిపించాయి. ఒకటి సాదా, ఇంకోటి నిండా చెక్కడపు పని. సాదాగా ఉన్నది పన్నెండో శతాబ్దిది. రెండోవైపున్న చెక్క శిఖరం 1506లో పిడుగు పడి కాలిపోతే, జాన్ ద బోస్ అనే మేస్త్రి దాని స్థానంలో రాతి శిఖరం కట్టాడు. పాతదానికి జత కుదరాలని ఆయన ఏమీ తాపత్రయపడలేదు. తన కాలపు పద్ధతిలో తను కట్టుకుపోయాడు.

లోపల అడుగుపెడితే కాసేపు ఏమీ కనపడలేదు. ఎండలోంచి వంటింట్లోకి వచ్చినప్పుడు కళ్ళు చీకట్లు కమ్ముతాయే, అలా. తర్వాత మెల్లగా నీలం కనిపించింది. గోడలు లేవు, కప్పు లేదు, నల్లటి గాలిలో నీలం, ఎరుపు ముక్కలు వేలాడుతున్నాయి. మెదక్ చర్చిలో రంగు అద్దాలు చూసినవాళ్ళకు కొంత ఊహకు అందుతుంది. మెదక్‌లో కళ్ళు మూడు కిటికీల దగ్గర ఆగుతాయి. ఇక్కడ 170కి పైగా ఉన్నాయి, చాలా మటుకు పదమూడో శతాబ్దివి. 1194లో ఊరితోపాటు పాత చర్చి కాలిపోతే, ముప్ఫై ఏళ్ళు తిరక్కుండానే ముఖ్యమైన కట్టడం లేపారు. జేసీబీ, క్రేన్ లేని కాలంలో 37 మీటర్ల ఎత్తు కప్పు! ఇంజనీరుగా నాకు అక్కడే దణ్ణం పెట్టాలనిపించింది.

అద్దాల కింది వరసల్లో రొట్టెలు చేసేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, వడ్రంగులు, నీళ్ళు మోసేవాళ్ళు వాళ్ళ పనుల్లో ఉంటారు. మన గుళ్ళో గంట మీద, ఫ్యాను రెక్క మీద దాత పేరు రాసినట్టన్నమాట. (డబ్బు నిజంగా వాళ్ళే ఇచ్చారా, చర్చివాళ్ళే ఊరందరి బొమ్మలూ వేయించారా అని చరిత్రకారుల్లో తగువుంది. మన ఫ్యాన్ల విషయంలో ఆ అనుమానం లేదు.)

ఆ చీకట్లోనే ఎడమవైపు ఒక స్తంభం మీద చిన్న మాత విగ్రహం. పదహారో శతాబ్దపు చెక్క బొమ్మ. ముఖం, చేతులు, ఒళ్ళోని బాలయేసు, అన్నీ నలుపు. ఒంటి మీద జరీ వస్త్రం. పండగలను బట్టి ఆ వస్త్రం మారుస్తారట. ముందు కొవ్వొత్తుల వరస. ఒక ముసలావిడ కొవ్వొత్తి వెలిగించి, స్తంభానికి చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఏదో అడుగుతోంది. భాష రాకపోయినా ఏమడుగుతోందో అర్థమైంది. మా అమ్మ కూడా అలాగే అడిగేది.

పోస్టుకార్డు ఒకటి కొన్నాను. విజయవాడలో మా ఆవిడ దాన్ని ఫ్రేము కట్టించి, కనకదుర్గమ్మకూ గుణదల మాతకూ మధ్య పెట్టింది. ఆవిడకు ఈ ముగ్గురి మధ్య ఏ పేచీ కనపడదు. పన్నెండేళ్ళు ఆ నల్లనమ్మకు రోజూ అగరొత్తి వెలిగింది.

"ఈవిడ కాదండీ"

2018లో అమ్మాయి పారిస్‌లో ఉద్యోగంలో ఉండగా ఇద్దరం వెళ్ళాం. ఐఫిల్ టవర్ కన్నా ముందు షార్త్ర్ వెళ్దామని మా ఆవిడ పట్టు. దారి పొడుగునా నేను ఊరించుకుంటూ వెళ్ళాను. లోపలికెళ్ళగానే ఏమీ కనపడదు, కంగారు పడకు, ఐదు నిమిషాలాగు అని.

లోపలికెళ్ళగానే అన్నీ కనిపించాయి. గోడలు లేత గోధుమరంగులో మెరుస్తున్నాయి. స్తంభాలు నిన్న స్నానం చేసినట్టున్నాయి. కప్పు దాకా ప్రతి వంపూ తెలుస్తోంది. మా అమ్మాయి "నాన్నా, చీకటన్నావు" అంది. నాకు నోట మాట రాలేదు.

చర్చి సిలువ ఆకారంలో ఉంటుంది కదా, అప్పటికి పొడవాటి భాగంలో పని అయింది, అడ్డంగా ఉన్న భాగం ఇంకా పాత నలుపులోనే ఉంది. ఆ రెండూ కలిసేచోట నిలబడితే తల ఒకవైపు తిప్పితే 2006, ఇంకోవైపు తిప్పితే 1220. నేను చాలాసేపు 2006 వైపే తిరిగి నిలబడ్డాను.

ఈలోగా మా ఆవిడ స్తంభం దగ్గరకెళ్ళి వెనక్కి వచ్చింది. "ఏవండీ, మన అమ్మ ఎక్కడ?"

"అదే కదా."

"ఈవిడ కాదండీ. మన అమ్మ నల్లగా ఉంటుంది."

ఆవిడే. 2014లో విగ్రహానికి మసి తీసి, రంగులు దిద్ది మళ్ళీ నిలబెట్టారు. తెల్లటి ముఖం, గులాబీ బుగ్గలు. నలుపు అసలు రంగు కాదనీ, తరాల తరబడి కొవ్వొత్తుల పొగ పట్టి అలా అయిందనీ బాగుచేసినవాళ్ళ వివరణ. అప్పట్లో దీని మీద పెద్ద రచ్చే జరిగింది. ఒక అమెరికన్ విమర్శకుడు మండిపడి వ్యాసం రాశాడు, ఆపమని సంతకాలు సేకరించారు. నాకు ఆ సంగతి తెలిసుంటే మా ఆవిడకు ముందే చెప్పి తీసుకెళ్ళేవాణ్ణి.

గోడల విషయంలో నేను మనసు మార్చుకున్నాను

ఆ రోజు రైల్లో తిరిగొస్తూ నేను తిట్టని తిట్టు లేదు. ఇంటికొచ్చి, కోపం చల్లారాక, ఏం చేశారో చదివాను. చదివేకొద్దీ నా కోపానికి కాళ్ళు విరిగాయి.

నేను చూసిన నలుపు రాతి రంగు కాదు. కొవ్వొత్తులు, నూనె దీపాలు, తర్వాతి కాలంలో హీటింగు పొగ, వందల ఏళ్ళ దుమ్ము. దాని కింద పదమూడో శతాబ్దపు సున్నపు పూత చాలావరకు అలాగే ఉంది. లేత పసుపు పూత, దాని మీద తెల్లటి గీతలు, రాళ్ళ అతుకులు కనిపిస్తున్నట్టు. తమాషా ఏమిటంటే ఆ గీతలు అసలు అతుకుల మీద పడవు! రాతితో కట్టి, సున్నం పూసి, దాని మీద ఇంకా చక్కటి రాతికట్టు బొమ్మ గీశారు. మన మేస్త్రీలు ప్లాస్టరింగ్ పచ్చిగా ఉండగా దారం పెట్టి రాతికట్టులా గీతలు కొడతారే, అదే పని. ముప్ఫై ఏళ్ళు సున్నంతో, సిమెంటుతో కాపురం చేసినవాణ్ణి, అది చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

అంటే కట్టినవాళ్ళు నా చీకటిని ఎన్నడూ చూడలేదు. కాలమంతా కలిసి అనుకోకుండా తయారుచేసిన సినిమా సెట్టింగు అది. నేను ఒక్క ఆదివారం వచ్చి, ఒళ్ళు గగుర్పొడిచి, అదే అసలు షార్త్ర్ అనుకుని వెళ్ళాను. పర్యాటకులకు చీకటి కావాలి, పాతదనం కావాలి. అక్కడే ప్రతి ఆదివారం పూజకు కూర్చునేవాళ్ళు ఆ మసి కింద ఎందుకు కూర్చోవాలి? మా ఊళ్ళో మిద్దె ఇల్లు పడగొట్టి డాబా వేసుకుంటామంటే, హైదరాబాదులో ఫ్లాటున్న చుట్టాలు "అయ్యో, ఎంత అందంగా ఉండేదో" అంటారు చూడండి. వానాకాలంలో ఆ కప్పు కింద గిన్నెలు పెట్టేది వాళ్ళు కాదు.

అయినా ఎదుటి వాదంలో పస లేదని అనను. గోడలు తేటపడితే ఆ వెలుగు కంట్లో పడి అద్దాల రంగు వెలవెలబోతుందని ఒక వాదన. హాల్లో లైట్లు ఆర్పకుండా సినిమా వేసినట్టుంది అన్నాడొక ఫ్రెంచి కళాచరిత్రకారుడు. 1194 మంటల్లోంచి బయటపడ్డ నీలం మాత కిటికీ ఒకటుంది, దాని ముందు నిలబడి నేను నిజాయితీగా చెప్పాలి: 2006లో చూసిన దెబ్బ 2018లో తగల్లేదు. అద్దాలను కూడా కడిగారు కనుక లెక్కప్రకారం రంగు పెరిగే ఉండాలి. నా కంటికి మాత్రం తగ్గింది.

ఇంకో చిక్కుంది. వెలుగు కావాలనుకోవడం షార్త్ర్‌లో ఇది మొదటిసారి కాదు. పద్దెనిమిదో శతాబ్దిలో అక్కడి పూజారివర్గం ప్రధాన వేదిక చుట్టూ చలువరాయిలా కనిపించే గచ్చు పని చేయించి, చీకటిగా ఉందని కొన్ని పాత రంగు అద్దాలు తీయించి తెల్ల అద్దాలు పెట్టించింది. తిరిగిరాని అద్దాలవి. ఇప్పటివాళ్ళు ఆ వేదిక దగ్గర పద్దెనిమిదో శతాబ్దపు గచ్చును ఉంచారు, మిగతాచోట పదమూడో శతాబ్దపు పూత బయటపెట్టారు. ఇవాళ మనం చూసే చర్చి ఏ సంవత్సరంలోనూ సరిగ్గా ఇలా లేదన్నమాట. దీనికి నా దగ్గర జవాబు లేదు. కాకపోతే పైకెక్కి చూస్తే ఆకుపచ్చటి కప్పు కనిపిస్తుంది. అందరూ దాన్ని ముచ్చటగా ఫొటో తీసుకుంటారు. 1836లో చెక్క కప్పు మొత్తం కాలిపోయాక ఇనుప దూలాలు వేసి పైన రాగి రేకు పరిచిందే ఆ కప్పు. రైళ్ళు వచ్చిన కాలపు పని. దాన్ని కొత్తదని ఎవరూ తిట్టరు, చిలుం పట్టి పచ్చబడిందిగా!

నా సంతకం ఉన్న ఎస్టిమేటు

శుభ్రం చేయడం గురించి ఇంత తేలిగ్గా మాట్లాడే హక్కు నాకు లేదు. అదీ చెప్పుకోవాలి.

1990ల్లో నేను పనిచేసిన చోట ఒక పాత గుడి మండపానికి ఏళ్ళ తరబడి సున్నం కొట్టీ కొట్టీ స్తంభాల మీద బొమ్మలు పూడిపోయాయి. ఏ దేవుడో ఏ నర్తకో తెలిసేది కాదు. పండగలోగా తెల్లగా చేయాలి. ఇసుకను గాలితో కొట్టి శుభ్రం చేసే పద్ధతికి ఎస్టిమేటు వేశారు. కింద సంతకం నాది. నాలుగు రోజుల్లో పని అయిపోయింది. సున్నం పోయింది. దాంతోపాటు ఉలి గుర్తులు, నర్తకి ముక్కు, ఒక స్తంభం మీద సన్నటి అక్షరాలు కూడా పోయాయి. కాంట్రాక్టరు "ఎంత నీటుగా వచ్చింది సార్" అన్నాడు. నేనూ అవునన్నాను. ఒక అయ్యవారు మాత్రం ఆ స్తంభం దగ్గర వేలితో తడుముతూ, "ఇక్కడ ఏదో రాసుండాలే" అని రెండు మూడుసార్లు అని వెళ్ళిపోయారు. ఏం రాసుండేదో ఇక ఎవరికీ తెలీదు.

షార్త్ర్ గోడల్ని నేను సమర్థించేది కడిగారని కాదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగారని. మసి కింద పూత ఉందని తెలుసుకుని, పరంజా ఒక్కో భాగానికి జరుపుకుంటూ, ఏళ్ళు పట్టినా పట్టనీ అని, పూత దాకా వచ్చి ఆగారు. మాకు నాలుగు రోజులే పట్టింది.

అమ్మవారి దగ్గర మాత్రం

గోడల విషయంలో మనసు మారినా ఆ విగ్రహం దగ్గర మారలేదు. గోడ వేరు, అమ్మవారి ముఖం వేరు అన్నాను. మా అమ్మాయి ఒక్క మాటతో కొట్టేసింది.

"అవే కొవ్వొత్తులు కదా నాన్నా. గోడ మీద పడితే మురికి, బొమ్మ మీద పడితే భక్తీనా?"

చాలా రోజులు దీనికి జవాబు దొరకలేదు. ఇప్పుడు నా దగ్గరున్నది కూడా పూర్తి జవాబు కాదు. సింహాచలం గుర్తుచేసుకోండి. అప్పన్న ఏడాదంతా చందనపు పూతలో ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజే చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారు. ఆ రోజు క్యూలైన్లు ఎలా ఉంటాయో విశాఖ వాళ్ళను అడగాలి. మళ్ళీ చందనం పూస్తారు. ఆ చందనపు ముద్దకు మొక్కినవాళ్ళు అసలు దేవుడికి మొక్కలేదని ఎవరైనా అంటారా? షార్త్ర్‌లో ఆ నలుపుకు మొక్కిన తరాలు ఎన్ని! ఆ ముఖంలోనే వాళ్ళకు అమ్మ కనపడింది. బాగుచేసినవాళ్ళు నిజరూపం చూపించారు, సరే. చందనం మళ్ళీ పూయలేదు.

చందనం కావాలని పూసేది, మసి దానంతటది పట్టేది, రెండూ ఒకటెలా అవుతాయని అడగొచ్చు. అడిగారు కూడా, మా ఇంట్లోనే. ఒప్పుకుంటాను. కానీ గోడకు ఎవరూ ముఖం చూసి మొక్కలేదు. ఆ ముఖం పేరే నల్లనమ్మ అయ్యాక, నలుపు మురికా కాదా అన్నది ప్రయోగశాల ఒక్కటే తేల్చే విషయం కాదనుకుంటాను.

రంగు సంగతి కూడా దాటేసి పోలేను. మా ఇంట్లో మేమంతా నల్లగానే ఉంటాం. చిన్నప్పటి నుంచి పౌడరు డబ్బా, సున్నిపిండి, పెళ్ళిచూపుల్లో "కాస్త చామనఛాయ" అనే సన్నాయినొక్కులు, అన్నీ చూసినవాళ్ళం. అంత పెద్ద తెల్లవాళ్ళ గుడిలో నల్లటి అమ్మ ముందు తెల్లవాళ్ళు మోకరిల్లడం 2006లో నాకు ఎందుకో చెప్పలేనంత తృప్తినిచ్చింది. ఆ తృప్తి నా సొంతం, దానికోసం వాళ్ళు విగ్రహాన్ని మసితో ఉంచాలనడం న్యాయమా? కాదేమో. అందుకే నా వాదనలో దీన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఉన్నమాట చెప్పానంతే.

మా ఆవిడ నన్ను ఆశ్చర్యపరిచింది. "ఈవిడ కాదండీ" అన్న మనిషే అరగంట ఆ స్తంభం ముందు కూర్చుని లేచి, "స్నానం చేయించారనుకుంటే పోయె. మనం అభిషేకం చెయ్యట్లేదూ?" అంది. కొవ్వొత్తి కూడా వెలిగించింది.

"అభిషేకం చేశాక బుగ్గలకు రంగెయ్యం కదా" అన్నాను.

"కాటుక పెట్టమా, కుంకుమ పెట్టమా?"

దీని మీదట నేను మాట్లాడితే భోజనం ఆలస్యమవుతుంది.

ఆ చర్చి అసలు ప్రసిద్ధి ఆ విగ్రహం వల్ల కాదు, ఒక బట్ట వల్ల. మరియ మాత కట్టుకున్నదని చెప్పే పట్టు వస్త్రం. 876లో చార్లెస్ ది బాల్డ్ అనే రాజు ఇచ్చాడని అంటారు. అది పెట్టెలో మూసి ఉండేది, అందరూ చొక్కా అనుకునేవారు. 1712లో పెట్టె తెరిస్తే చొక్కా కాదు, దాదాపు ఐదు మీటర్ల పొడుగు బట్ట. తర్వాత ఫ్రెంచి విప్లవకాలంలో దాన్ని ముక్కలు చేశారు, ఒక పెద్ద ముక్క ఇప్పటికీ అద్దం వెనక ఉంది. ఈ కథ చెప్తే మా ఆవిడ ముందు అన్న మాట, "ఐదు మీటర్లంటే చీరే కదండీ!" రెండో మాట, "చొక్కా కాదని తెలిశాక జనం రావడం మానేశారా?"

మానలేదు.

అక్కడ నా వాదన సగం కూలిపోయింది. పెట్టె తెరిచినా, ముఖం కడిగినా వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. ఆ రోజు కూడా ఒక కుర్రవాడు, కాలేజీ బ్యాగు తగిలించుకుని, తెల్లబడ్డ మాత ముందు నిలబడి స్తంభానికి చెయ్యి ఆనించాడు. అతను నల్లనమ్మను చూసే ఉండడు. పోయిందని దిగులుపడేది నాలాంటి ఒకసారి చూసినవాళ్ళం. అయినా సరే, నన్నడిగితే ముఖం జోలికి పోవద్దనే అంటాను. గోడలు కడగండి, అద్దాలు కడగండి. జనం ఇంకా పేరు పెట్టి పిలుస్తున్న ముఖాన్ని మాత్రం, వాళ్ళను అడక్కుండా ముట్టుకోవద్దు. ఫ్రాన్సులో 1905 నాటి చట్టం ప్రకారం షార్త్ర్ లాంటి కెథడ్రల్ (బిషప్ ఉండే పెద్ద చర్చి) కట్టడాలు ప్రభుత్వానివి, చర్చివాళ్ళు వాడుకునేవాళ్ళు. కాగితం మీద అడగాల్సిన పని ఉండకపోవచ్చు. మా గుడి మండపం దగ్గర ఆ అయ్యవారిని అడగాలని నాకూ ఏ జీవోలోనూ రాసిలేదు.

వాట్సాప్‌లో ఇదంతా ఎలా టైపు చెయ్యను? పైగా పారిస్ నోత్ర్ దామ్ సంగతి వేరు, అక్కడ మంట మసి, సీసం ధూళి కడక్కపోతే జనాన్నే రానివ్వకూడదు. ఫంక్షన్ హాల్లా ఉందన్న మిత్రుడికి ఫోన్ చేసి ఆ ఒక్క ముక్కే చెప్పాను. ఆయన "అయినా మరీ అంత తెలుపా?" అన్నాడు.

మా పూజగదిలో ఆ పోస్టుకార్డు ఇంకా ఉంది, దుర్గమ్మకూ గుణదల మాతకూ మధ్య. కొత్త ముఖంతో ఉన్న కార్డు అమ్మాయి కొనిచ్చింది కానీ, మా ఆవిడ దాన్ని బీరువాలో పెట్టింది, పాతదాన్ని కదపలేదు. దీపం పొగకు ఫ్రేము అద్దం మసకబారుతూ ఉంటుంది. ప్రతి శుక్రవారం ఆవిడ తడిబట్టతో తుడుస్తుంది. నేను పేపరు చదువుకుంటున్నట్టు కూర్చుంటాను.